పదకొండో పేరు

తిరువూరు బస్టాండు వెనక సందులో బట్టలు కుట్టి తమ్ముణ్ణి చదివించిన మనిషి అబీదా. ఆ తమ్ముడు సల్మాన్ సరుకుల ఓడలో మెకానిక్కయ్యాడు. పరాయి దేశపు తీరంలో సాయుధ ముఠా ఒకటి ఆ ఓడని పట్టుకుని ఐదు నెలలైంది. "మాటలు జరుగుతున్నాయి, పేపరువాళ్ల దగ్గరికి వెళ్లకండి" అని ఢిల్లీ నుంచి దేవానందం అనే విదేశాంగశాఖ అధికారి చెప్తే, అబీదా ఇన్నాళ్లూ నోరు మెదపలేదు.

ఒక మధ్యాహ్నం గ్లోరి ఫోన్ చేసింది. ఆమె భర్త అదే ఓడలో వంటవాడు.

"వదిలేస్తున్నారంట వదినా! ఢిల్లీ నుంచి పదిమంది పేర్లు పంపారు."

ఆ జాబితాలో సల్మాన్ లేడు. అతను మధ్యలో ఏదో రేవులో ఎక్కాడు. ఓడ యజమాని సిబ్బంది పట్టీలో అతని పేరు రాయనేలేదు. మనవాళ్లు ఆ పట్టీ చూసే మాట్లాడారు.

అబీదా దేవానందానికి ఫోన్ చేసింది.

"ముందు వీళ్లని రానివ్వండమ్మా. ఇప్పుడు కొత్త పేరంటే మొత్తానికే అడ్డం తిరుగుతారు. మీవాడి సంగతి తర్వాత చూద్దాం."

"పదిమందీ వచ్చేశాక ఒక్కడి కోసం ఎవరు మాట్లాడతారు సార్?"

మర్నాడే విజయవాడలో ఢిల్లీ రైలెక్కింది. రెండు రోజులు దేవానందం ఆఫీసు గేటు దగ్గరే కూర్చుంది. అక్కడికే గ్లోరి మళ్లీ ఫోన్ చేసి ఏడ్చింది.

"నీ మూలంగా మావాళ్లు ఆగిపోతే?"

"ఆగితే నన్ను తిట్టు. మీ ఆయన పక్కనున్నవాణ్ణి లేడనుకోమంటే మాత్రం నా వల్ల కాదు."

మూడో రోజు దేవానందం లోపలికి పిలిపించాడు. పట్టుబడకముందు సల్మాన్ పంపిన, ఓడ మీద పదకొండుమందీ దిగిన ఫొటో బల్ల మీద పెట్టింది.

"వీడు ఉన్నాడా లేడా సార్?"

"ఉన్నాడమ్మా."

"అయితే రాయండి."

ఆయన జాబితా కింద పదకొండో పేరు రాశాడు. సాయంత్రానికి, ముఠాతో మాట్లాడుతున్న మధ్యవర్తి దేశపు రాయబారికి కొత్త జాబితా వెళ్లింది.

అవతలివాళ్లు పంతొమ్మిది రోజులు ఉలకలేదు, పలకలేదు. మిగతా పదిమంది కుటుంబాలవాళ్లెవరూ అబీదా ఫోన్ ఎత్తలేదు. ఇరవయ్యో రోజు పదకొండుమందినీ విమానం ఎక్కించారు.

ఢిల్లీ విమానాశ్రయంలో అబీదాని చూసి గ్లోరి మొహం తిప్పుకుంది. ఆమె భర్త మాత్రం సల్మాన్ చేయి వదలకుండా నడిపించుకొచ్చాడు. సల్మాన్ సగానికి సగం అయిపోయాడు.

"అక్కా, నా కోసం ఎవరితోనూ గొడవ పెట్టుకోలేదుగా?"

"అందరితోనూ పెట్టుకున్నాను. పద, ముందు ఏదైనా తిందువుగాని."