అరుగు మీద మూల చోటు

జాన్ బాషా ఆ పొద్దున కూడా తాపీని అరుగు మూల పెట్టి, మోకాళ్లు పట్టుకుని పక్కనే కూలబడ్డాడు. పనికోసం కాచుకునే కూలీలు ఎవరి పనిముట్టు వాళ్లు ముందు పెట్టుకోవడం ఆ సెంటర్లో రివాజు. మనిషి టీకి లేచిపోయినా, పనిముట్టు ఉన్నంతసేపు ఆ చోటు జోలికి ఎవరూ పోరు. అరుగు కట్టినవాళ్లలో తనూ ఒకడు. ఇదే లేకపోతే ఈ మోకాళ్లతో ఎంతసేపని నిలబడగలడు? నిలబడలేనివాణ్ణి పనికి పిలిచేదెవరు? ఆ దిగులు భార్య సఫూరాకి కూడా చెప్పలేదు.

కిందటి వారం, పురుగుమందు పనిచెయ్యక పత్తి పోగొట్టుకున్న రైతులు ఇదే అరుగు మీద రెండు రోజులు బైఠాయించారు. అంతే, పైవాళ్లకి అరుగు కంట్లో నలుసైంది. నలుగురు చేరకూడదని మైకులో చెప్పించారు. నీళ్ల పంపు పీకించారు. ఊరేమన్నా వాళ్ల అబ్బ సొత్తా! జనం కూర్చుంటూనే ఉన్నారు.

ఎనిమిదింటికి మున్సిపాలిటీ సూపర్‌వైజరు ఇనప చువ్వలు దింపించి జాన్ బాషానే పిలిచాడు. అరుగు పొడుగునా జానెడుకొకటి నాటాలట, మొనలు పైకి ఉండేట్టు.

"ఇక్కడ మేమే కూర్చుంటామండీ."

"అందుకే," అన్నాడు సూపర్‌వైజరు.

కాదంటే ఇంకొకడు నాటతాడు. జాన్ బాషా సుత్తి అందుకున్నాడు. మట్టిపని చేసే ఆదాం, ఇరవయ్యేళ్ల స్నేహితుడు, చూసి ఆగలేకపోయాడు.

"మన నెత్తిన మనమే రాయి వేసుకుంటామా, బాషా?"

బాషా సుత్తి దించకపోయేసరికి ఆదాం మొహం తిప్పుకుని వెళ్లిపోయాడు.

ఎండ ముదిరింది. బెజ్జాలు కొట్టేకొద్దీ ఎడమ చెయ్యి లాగుతోంది. సూపర్‌వైజరు నీడకు పోయాక జాన్ బాషా మాలు కలిపాడు. ఇసక దండిగా ఎత్తి, సిమెంటు రంగుకు మాత్రమే చల్లాడు. అతని పనికి వంకపెట్టినవాడు ఇంతవరకు లేడు. ఇవాళ కావాలనే చెడగొట్టాడు. సిగ్గేసింది, ఆ వెనకే నవ్వూ వచ్చింది.

పొద్దుగూకేసరికి పైన నున్నగా మెత్తి, అలవాటు కొద్దీ తాపీని తన మూలనే పెట్టి, మూసిన షాపు గోడకు జారగిలబడ్డాడు. టీకొట్టు వెంకయ్య గ్లాసు తెచ్చి రెండుసార్లు పిలిచాడు. మూడోసారి భుజం కదిపితే తల పక్కకు వాలిపోయింది.

మర్నాడు ఖబరస్తాన్ నుంచి ఆదాం నేరుగా సెంటరుకొచ్చాడు. ఏడుపూ కోపమూ ఆపుకోలేక ఒక చువ్వ పట్టుకుని గుంజాడు. వేరుశెనగ మొక్కలా ఊడొచ్చింది. చువ్వ మొదట్లో అంటిన ఇసకను చూసి, అక్కడే చతికిలబడి భోరుమన్నాడు. తరవాత కూలీలంతా తలో చెయ్యీ వేశారు. రేపు మళ్లీ నాటిస్తారేమో, నాటించుకోనీ.

మధ్యాహ్నానికి ఎవరి చోట్లో వాళ్లు కూర్చున్నారు. మూల మాత్రం ఎవరూ కూర్చోలేదు. అక్కడ తాపీ ఉంది.