విశ్వాసమమృతం

రాజలింగుకు తన మోక్షం గురించి బెంగ లేదు. బెంగంతా భార్య గురించే. తాను పరలోకానికి పోతాడు, అందులో అనుమానమేమీ లేదు. ఈరమ్మ రాకపోతే ఎట్లా? అక్కడ పొద్దున్నే ఎవరు లేపుతారు, బనియను ఎక్కడుందో ఎవరు చెప్తారు, అసలు ఎవరితో పోట్లాడతాడు? ఆ ఊహకే ఆయనకు అన్నం సయించేది కాదు.

చంద్రపూర్ బొగ్గుగనిలో రిటైరైన దగ్గర్నుంచి ఆయన చేస్తున్న పని ఒక్కటే, నమ్మడం. అది మాత్రం గట్టిగా చేస్తాడు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట అంటారు. రాజలింగు ఉట్టి వైపు కన్నెత్తి కూడా చూడడు. ఇక్కడి పుల్ల తీసి అక్కడ పెట్టడు గానీ, వరండాలో కుర్చీ వేసుకుని చీకటి పడేదాకా నమ్ముతూనే ఉంటాడు. ఈరమ్మది పూర్తిగా వేరే దారి. కాలనీలో కాన్పయితే ఈరమ్మ, జ్వరమొస్తే ఈరమ్మ, శవానికి స్నానం చేయించాలన్నా ఈరమ్మే. బాప్తిస్మం మాత్రం తీసుకోదు. వద్దని కాదు, సరిగ్గా ఆ రోజుకే ఎవరింట్లోనో ఏదో వచ్చి పడుతుంది.

"నీ పనులు నిన్ను ఒడ్డుకు చేర్చయే. దేవుడు ఉత్తగనే రక్షిస్తడు, నమ్మితే సాలు" అంటాడు రాజలింగు.

"ఉత్తగొచ్చేదానికి గంత తొందరేంది? ముందుగాల మార్కెట్ల టమాటలు పట్కరాపో" అంటుంది ఈరమ్మ. టమాటలు కూడా చివరికి ఆమే తెచ్చుకుంటుంది.

చర్చిలో ఆయనకు గిట్టనిదల్లా పాస్టరు సదానందం బోధ. ఎక్కడ మొదలుపెట్టినా ఆ మనిషి చివరికి చేతల దగ్గరికే వచ్చి ఆగుతాడు, ఆగి రాజలింగు వైపే చూస్తాడు. అలాంటిది, కొత్త సంవత్సరానికి చర్చి గోడ మీద కొత్త ఫ్లెక్సీ వెలిసింది. ఏడాదికో మాట అలా వేలాడదీయడం వాళ్ల ఆనవాయితీ. అక్కడ తెలుగు మాట్లాడనివాళ్లు లేరు, చదవగలిగేవాళ్లే తక్కువ. పిల్లలంతా మరాఠీ బళ్లలో చదివినవాళ్లు. రాజలింగు కూడబలుక్కుని చదివి, కూర్చున్న చోటే ఒక్కసారి కదిలాడు. 'చేతల్లేని విశ్వాసం అమృతం' అని ఉంది.

మళ్లీ చదివాడు. అమృతమే. హమ్మయ్య, ఇన్నాళ్లకు పాస్టరుకు జ్ఞానోదయమైందనుకున్నాడు. ఫోన్లో ఫొటో తీసుకుని, ఇంటికొచ్చి భార్య ముందు పెట్టాడు.

"సూడు, ఏం రాసిండ్రో. అందరు నాలెక్క ఉండాల్నట."

ఈరమ్మకు చదువు రాదు. అక్షరాల సైజు చూసింది. "గంత పెద్దగ రాసిండ్రంటే నిజమే గావొచ్చు. సరే, ఈసారి మునుగుత. నేనేం చెయ్యాలె?"

"ఏం చెయ్యద్దు. నమ్మాలె."

"ఏం చెయ్యకుంట ఎట్ల కూసుంటరయ్యా?" అంది. వెక్కిరింత కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. అనుభవం ఉన్నవాడు కదా.

బామ్ని దగ్గర వార్ధా నదిలో బాప్తిస్మం. ఆ ఆదివారం పొద్దున ఈరమ్మ తెల్లచీర కట్టుకుని బయటికొచ్చింది. రాజలింగు అప్పటికే ఆటో ఎక్కి కూర్చున్నాడు. ఆ చీరలో ఆమెను చూసి ఆయనకు కళ్లు చెమ్మగిల్లాయి. ఇక పరలోకంలో దిగుల్లేదు. అంతలో ఈరమ్మ పక్కింటి గడప వైపు చూసి ఆగిపోయింది. కిరాణా కొట్టు కాంతమ్మ అక్కడ కూలబడి, ఊపిరందక ఎగపోస్తోంది. ఒంటరి మనిషి. అయినా వీళ్లింట్లో ఏనాడూ మంచినీళ్లు కూడా ముట్టలేదు.

"దిగయ్యా" అంది ఈరమ్మ.

"ఇంకెవరన్న తీస్కపోతరు. అయ్యగారు ఎదురుచూస్తుంటరు."

"నది ఏడికి పోదు. నువ్వు దిగు."

ఆటో ఆడవాళ్లిద్దరినీ ఎక్కించుకుని పెద్ద దవాఖాన వైపు పోయింది. రాజలింగు అగ్గిమీద గుగ్గిలమవుతూ, అందరూ నదికి బయల్దేరే చర్చి దగ్గరికి నడిచి చేరాడు.

"అయ్యగారూ, మల్ల పనే అడ్డమొచ్చింది. మీరు రాయించిందే నేను జెప్పిన, చేతల్లేని విశ్వాసం అమృతమని. ఇంటేనా?"

"నేనేం రాయించిన?" అంటూ సదానందం వెనక్కి తిరిగి ఫ్లెక్సీని మొదటిసారి చదివాడు. తాను చెప్పిన మాటే కదా అని అన్నాళ్లూ చదవలేదు. మొహం పాలిపోయింది. ఆ మాట ఆయన మాజ్రి పోయే రైల్లోంచి ఫోన్లో కూతురు సుభాషిణికి చెప్పాడు. పిల్ల విన్నది విన్నట్టు రాసింది. మరాఠీ తప్ప మరొకటి రాని ఫ్లెక్సీ అతను ఇచ్చింది ఇచ్చినట్టు అచ్చేశాడు.

"నేను మృతమని జెప్పిన" అన్నాడు మెల్లగా. "విశ్వాసం మృతం. కలిపి పలికితే పిల్లకు గట్ల ఇనవడ్డది."

"మృతమంటే?"

"సచ్చినట్టు."

"మరి దేవుడు ఉత్తగనే రక్షిస్తడని మీరే అన్నరు గద."

"ఉత్తగనే. పనిజేసి కొనుక్కునేది కాదు. గానీ బతికున్నోడు కదుల్తడు గదన్నా."

రాజలింగు కదిలాడు. బస్సెక్కి దవాఖానకు పోయాడు. వార్డులో ఈరమ్మ గ్లాసు పట్టుకుంటే కాంతమ్మ గుక్కగుక్కగా నీళ్లు తాగుతోంది. తెల్లచీర కొంగంతా వాంతి మరకలు.

"గా రాసింది తప్పట" అన్నాడు.

"నాకు సదువే రాదాయె. తప్పైనా ఒప్పైనా ఒక్కటే."

"మరి నీ బాప్తిస్మం?"

"మనిద్దరికి నువ్వు నమ్ము. ఇద్దరికి నేను జేస్త. ఇన్నేండ్లు గట్లనే నడిసింది గద."

రాజలింగుకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. "పైన గట్ల ఒప్పుకుంటరో లేదో. నువ్వు రాకుంటే, గాడ నేనొక్కణ్ని ఏం జేస్తనే?"

ఈరమ్మ కాంతమ్మ మూతి తుడిచి, మొగుడి వైపు జాలిగా చూసింది.

"ఈడేం జేసినవో గదే."