కంప్యూటర్ విద్య కలదు

మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల భవనం ఇంకా పైకి లేస్తున్న ఏడాది, కనకలక్ష్మి తమ బర్రెల కొట్టంలో బడి పెట్టింది.

ఆమె పుట్టింది, మెట్టింది ఆ ఊరే. కూకట్‌పల్లిలో ఒక ప్రైవేటు బడిలో కొన్నేళ్లు పాఠాలు చెప్పింది. అక్కడ పిల్లలను సిటీ బస్సులో ఎక్కించినట్టు గదుల్లో కుక్కేవాళ్లు. వాళ్ల పేర్లు నోటికి వచ్చేసరికి వేసవి సెలవులు వచ్చేవి. తనే ఒక బడి పెడితే పిల్లల పేర్లయినా గుర్తుంటాయనుకుంది.

భర్త లింగమూర్తిది పాల వ్యాపారం. చుట్టుపక్కల గడ్డి నేలలన్నీ ప్లాట్లవుతుంటే అతను బర్రెలను తగ్గించుకుంటూ వచ్చాడు. ఖాళీ అయిన సగం కొట్టం ఇమ్మని భార్య అడిగితే సరేనన్నాడు. మధ్యలో గోడ కట్టి సున్నం వేయించారు. మిగిలిన బర్రెలకు మాత్రం ఈ ఏర్పాటు నచ్చలేదు. ఇవతల పిల్లలు ఎక్కాలు మొదలుపెడితే అవతల అవి అందుకునేవి. పాత బడి నుంచి కనకలక్ష్మితో పాటు వచ్చేసిన పుణ్యవతి టీచర్ గుంటూరు వైపు మనిషి. "హాజరు పిలిస్తే ముందు బర్రెలే పలుకుతున్నాయండీ" అని నిట్టూర్చేది.

అసలు చిక్కు బోర్డుతో వచ్చింది. పెయింటర్ 'కనకదీప్తి ప్రైమరీ స్కూల్, ఇంగ్లీష్ మీడియం' అని రాశాక కింద జానెడు స్థలం మిగిలింది. పక్కనే నిలబడ్డ లింగమూర్తికి ఏ స్థలమూ ఖాళీగా ఉంటే మనసొప్పదు. కనకలక్ష్మి వచ్చి చూసేసరికి అక్కడ 'కంప్యూటర్ విద్య కలదు' అని ఎర్రరంగులో మెరుస్తోంది.

"మనకాడ కంప్యూటర్ యాడుంది?" అందామె.

"జాగ ఉత్తగ పోతుండె. రాయిపిచ్చిన" అన్నాడతను. "ఊరంత గదే ముచ్చట. మన బోర్డు మీద లేకుంటె ఎవ్వలొస్తరు?"

తుడిపించాల్సిందేనని ఆమె పట్టుబట్టింది. కానీ రంగు ఆరకముందే కిష్టయ్య వచ్చాడు. పాలమూరు నుంచి వచ్చి ఆ అద్దాల భవనం దగ్గర కాంక్రీటు పని చేస్తున్నాడు. కొడుకు శ్రీను చెయ్యి పట్టుకొని, కంప్యూటర్ ఉందట కదా అని వినయంగా అడిగాడు. లేదని చెప్పడానికి కనకలక్ష్మి నోరు తెరిచేలోపు ఆమె వెనక నుంచి లింగమూర్తి ఉందన్నాడు. ఆ వారంలోనే బల్లలు నిండిపోయాయి.

ఇక ఏదో ఒకటి తేక తప్పలేదు. లింగమూర్తి పాత సామాన్ల బజారు నుంచి పనికిరాని మానిటరు ఒకటి తెచ్చి, గడ్డి గదిలో బల్ల మీద పెట్టాడు. అతని తల్లి మల్లమ్మ తన పూల దుప్పటి ఒకటి దాని మీద కప్పింది. ఆ గదిలోకి చెప్పులతో వెళ్లకూడదని నియమం పెట్టారు. వారానికోసారి పిల్లలు వరసగా, కాళ్లు తుడుచుకొని లోపలికి వెళ్లేవారు. పుణ్యవతి దుప్పటి అంచు ముందువైపు కొంచెం ఎత్తి, "దీన్ని మానిటరు అంటారు" అని చెప్పేది. అందులో అబద్ధం లేదు కదా అని ఆమె ధైర్యం. పిల్లలు దండం పెట్టుకొని బయటికి వచ్చేవారు. దండం పెట్టమని ఎవరూ చెప్పలేదు.

ఆ పీరియడ్ వచ్చినప్పుడల్లా కనకలక్ష్మికి ఇంకెక్కడో పని గుర్తొచ్చేది. పిల్లలు బాగానే చదువుతున్నారు. దసరా నాటికి శ్రీను దారిలో కనిపించిన ప్రతి హోటల్ బోర్డూ తండ్రికి చదివి వినిపిస్తున్నాడు. ఆ సంతోషం ఆమెకు పూర్తిగా దక్కేది కాదు.

దసరా సెలవులు అయ్యాక రామ్మోహనరావు అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కూతురు యశస్వినిని చేర్చడానికి వచ్చాడు. కాకినాడ నుంచి కొత్తగా వచ్చిన కుటుంబం. కంప్యూటర్ గది ఒకసారి చూడవచ్చా అని మర్యాదగా అడిగాడు. కరెంటు లేదని లింగమూర్తి వెంటనే చెప్పాడు. అందరి తలల మీదా ఫ్యాను తిరుగుతూనే ఉంది.

రామ్మోహనరావు బూట్లు విప్పి లోపలికి వెళ్లి దుప్పటి పూర్తిగా ఎత్తాడు. వైర్లు లేవు, కీబోర్డు లేదు. మానిటరు వెనక వెచ్చగా గడ్డి పరుచుకొని మల్లమ్మ కోడిపెట్ట పొదుగుతోంది. అది అతని వేలిని ఒక్క పోటు పొడిచి మళ్లీ సర్దుకు కూర్చుంది. యశస్విని ఆనందం ఇంతా అంతా కాదు.

కనకలక్ష్మి దుప్పటి అందుకొని మడత పెట్టింది. "మా దగ్గర కంప్యూటర్ లేదు సార్. ఇది ఉత్త డబ్బా. బోర్డు మీద రాసింది అబద్ధం" అంది.

అతను బయటికి నడిచాడు. బూట్ల లేసులు చాలాసేపు కట్టుకొని, వెనక్కి వెనక్కి చూస్తున్న కూతుర్ని తీసుకొని వెళ్లిపోయాడు.

సాయంత్రం ఇంట్లో పెద్ద గొడవే అయింది. పెద్ద పరీక్షల దాకా ఆగమని లింగమూర్తి బతిమాలాడు. ఆమె వినలేదు. తనే స్టూలెక్కి ఆ ఎర్ర అక్షరాల మీద సున్నం పూసింది. ఆదివారం తల్లిదండ్రులందరినీ పిలిచింది. పిల్లల బల్లల మీద మోకాళ్లు గడ్డానికి ఆనించుకొని కూర్చున్న వాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పి, ఎవరైనా పిల్లల్ని మాన్పించుకుంటే తప్పుపట్టనంది.

ముందుగా కిష్టయ్య లేచాడు.

"మాకు ఎర్కనే మేడం. మా శ్రీను మొదటి దినమే చెప్పిండు, అది పలుకని డబ్బ అని."

మరి అడగలేదేమని ఆమె తెల్లబోయింది.

"పోరడు సదువుతుండు గద, ఇగ ఏం అడుగుడు? కాని బోర్డు మీద తుడ్సుడే మంచిగ లేదు. మా అత్తగారింట్ల అందరికి చెప్పుకున్న."

మిగతావాళ్లు తలలూపారు. వాళ్ల పిల్లలూ చెప్పారట, వాళ్లూ చుట్టాల దగ్గర గొప్పలు చెప్పుకున్నారట. రెండు కుటుంబాలు మాత్రం కోపంగా లేచి వెళ్లిపోయాయి. మిగిలినవాళ్లు టీ తాగారు. కనకలక్ష్మి కూడా తాగింది. చాలా నెలల తర్వాత ఆమెకు టీ రుచిగా అనిపించింది.

మర్నాడు రామ్మోహనరావు మళ్లీ వచ్చాడు. కోడి ఉన్న బడిలో తప్ప ఇంకెక్కడా చదవనని యశస్విని ఇంట్లో అన్నం మానేసిందట. ఆ మాట చెప్పి అతను కాస్త తటపటాయించాడు.

"చాలా బళ్లు చూశానండి. లేనిది లేదని చెప్పింది మీరొక్కరే" అన్నాడు.

మరుసటి జూన్‌కు చేరేవాళ్లు ఇంకా పెరిగారు. లింగమూర్తి మిగిలిన బర్రెలను కొండాపూర్‌లో బావమరిదికి అప్పగించి, రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు స్కూలు ఆటో నడపడం మొదలుపెట్టాడు. అయినా ఒక గది తక్కువైంది. కనకలక్ష్మి వెళ్లి అత్తను ఇంటి ముందుగది అడిగింది.

మల్లమ్మ చాలాసేపు ఆలోచించి, తీసుకొమ్మంది. "గాని రెండున్నరకు నా సీరియల్ ఉంటది. గప్పటికి పోరగాండ్లు ఇండ్లకు పోవాలె" అని షరతు పెట్టింది.

అలా ఒకటో తరగతి బి సెక్షన్ రోజూ రెండుంబావుకే ముగిసేది. ఇదేదో కొత్త బోధనా పద్ధతి అనుకొని, తమ పిల్లల్ని కూడా బి సెక్షన్‌లోనే వేయమని తల్లిదండ్రులు సిఫార్సులు పట్టుకొని రాసాగారు.