తుడిస్తే పోని గొంతు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని పెద్దలు ఊరికే అనలేదు. వాళ్ళకి రాక్ బ్యాండు సంగతి తెలియదు గానీ, తెలిసుంటే ప్రేమ మీద ఆల్బం చేసి చూడు అని మూడోది కూడా చేర్చి ఉండేవాళ్ళు. అందులోనూ మొగుడు డ్రమ్స్ వాయించి, పెళ్ళాం పాడి, బావమరిది గిటార్ పట్టుకునే బ్యాండైతే ఇక చెప్పక్కర్లేదు.

ఆ మొగుణ్ణి అందరూ దరువు అంటారు. కన్నతల్లి కూడా అలాగే పిలిచేది. భోజనాల బల్ల దొరికినా, బస్సులో సీటు దొరికినా, పక్కవాడి వీపు దొరికినా వాయించకుండా వదిలేవాడు కాదు. చేతులకున్న వాగుడు నోటికి మాత్రం లేదు. పెళ్ళైన కొత్తలో అతని భార్య ఈ సంగతి ముద్దుగా చెప్పుకునేది, మా ఆయన నాలుక నోట్లో లేదు, చేతుల్లో ఉంది అని. పోనుపోను ఆ ముద్దు తగ్గింది. ఆమె పాట ముగించి, చెమట తుడుచుకుంటూ బయటికొచ్చి "ఎలా ఉంది?" అని అడిగితే, అతను డ్రమ్స్ పుల్లలు సర్దుకుంటూ "రెండో చరణంలో తొందరపడ్డావు" అనేవాడు. తొందరపడ్డ మాట నిజమే. కానీ ఆమె అడిగింది అది కాదని పసిపిల్లాడికైనా తెలుస్తుంది.

ప్రేమ ఆల్బం ఆలోచన బావమరిదిది. అంతవరకూ ఆ బ్యాండు ట్రాఫిక్ మీద, ఇంటి యజమానుల మీద, ఆఫీసు మేనేజర్ల మీద అరిచి పేరు తెచ్చుకుంది. "కోపం మీద ఎన్నాళ్ళని బతుకుతాం బావా? ఈసారి మొత్తం ప్రేమే" అన్నాడు. అలా స్టూడియోలో ప్రేమ పొంగుతున్న కొద్దీ ఇంట్లో దానికి కరువొచ్చింది. పగలంతా ఒకరి కోసం ఒకరు ప్రాణాలిచ్చేలా పాడి వాయించి, సాయంత్రానికి ఇల్లు చేరి ఎడమొహం పెడమొహంగా కూర్చునేవాళ్ళు. పెద్ద గొడవేదీ జరగలేదు. జరిగుంటే నయంగా ఉండేది, రాజీ పడడానికి ఏదో ఒకటి మిగిలేది. ఒకరోజు ఆమె బట్టలు సర్దుకుని, వేరే ఊళ్ళో బడిలో సంగీతం టీచరుగా చేరడానికి వెళ్ళిపోయింది. దరువు తలుపు దగ్గర నిలబడి నీళ్ళు నమిలాడే గానీ, ఉండమన్న ఒక్క మాట పెదవి దాటి రాలేదు.

వెళ్తూ వెళ్తూ ఆమె తమ్ముడికి ఒక షరతు పెట్టింది.

"నా గొంతు ఆ ఆల్బంలో ఒక్క ముక్క కూడా ఉండకూడదురా. అవి నమ్మి పాడిన పాటలు. ఇప్పుడు నాకా నమ్మకం లేదు. లేనిది ఉందని నా గొంతు ఊరూరా తిరిగి చెప్తుంటే నాకు సిగ్గుగా ఉంటుంది."

తమ్ముడు బతిమాలాడు, అలిగాడు, అమ్మ చేత కూడా చెప్పించాడు. ఆమె వినలేదు. చివరికి సరే అక్కా అని మాటిచ్చాడు. సౌండ్ ఇంజనీరు కూర్చుని ఆమె పాడినవన్నీ తుడిచేశాడు.

ఈ సౌండ్ ఇంజనీరు సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఒక పక్కకి మెడ వంచి ఉంటాడు. పక్క వీధిలో పిల్లి దూకినా వినపడుతుందని అతనికి చెవులపిల్లి అని పేరు పెట్టారు. తివాచీల దుకాణం పైన ఒకప్పటి గోదాముని స్టూడియోగా మార్చుకున్నాడు. అమ్ముడుపోని తివాచీలు తెచ్చి గోడలకి కొట్టించాడు, గదిలో దగ్గినా ఆ శబ్దం తివాచీల్లోకి ఇంకిపోతుంది. అద్దానికి అటు డ్రమ్స్ గది, దాని పక్కన బీరువా అంత పాటగది. ఇటువైపు మీటల బల్ల, వెనక కుంగిపోయిన సోఫా.

తుడిచినవాటిలో గైడ్ పాటలు కూడా ఉన్నాయి. డ్రమ్స్ రికార్డు చేసేటప్పుడు, వాయించేవాడికి దారి తెలియాలని పాటగదిలో ఎవరో ఒకరు పాడుతుంటారు. అది అతని హెడ్‌ఫోన్లలో వినిపిస్తుంది. డ్రమ్స్ అయిపోయాక అసలు పాట మళ్ళీ నింపాదిగా పాడించి, గైడుని తీసేస్తారు. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టే, కాకపోతే ఇక్కడ అది తప్పు కాదు, పద్ధతి. దరువుకి గైడ్ పాడింది ఎప్పుడూ అతని భార్యే.

ఆమె స్థానంలో ఒక కొత్తమ్మాయి వచ్చింది. మంచి గొంతు, మంచి పిల్ల. దరువు వాయించి పెట్టిన డ్రమ్స్ మీద పాటలన్నీ హాయిగా పాడేసింది. ఇక అన్నీ కలిపి, హెచ్చుతగ్గులు సరిచేసి, జనం మీదికి వదలడమే తరువాయి.

ఆల్బంలో ఒక నిదానమైన పాట ఉంది. మధ్యలో గిటార్లన్నీ ఆగిపోయి, డ్రమ్స్ పక్కనుండే ఇత్తడి తాళం మీద కుంచెల్లాంటి పుల్లలతో దరువు మెల్లగా రాసే చప్పుడు, దాని మీద పాట, అంతే ఉంటాయి. చెవులపిల్లి అక్కడికొచ్చి ఆపాడు. వెనక్కి జరిపి మళ్ళీ విన్నాడు.

"ఇక్కడ ఇంకో ఆడమనిషి ఉంది" అన్నాడు.

కొత్తమ్మాయి ఉలిక్కిపడింది. "నేనే కదా అన్నా?"

"నువ్వు కాదమ్మా. నీ వెనకాల."

పాట మూసేశాడు, గిటార్లు మూసేశాడు. డ్రమ్స్ ఒక్కటే ఉంచి, శబ్దం పెంచాడు. తాళం సవ్వడి అడుగున, పక్కింట్లో తలుపేసుకుని పాడుతున్నట్టు, ఆమె పాడుతోంది.

"హెడ్‌ఫోన్లలోంచి కారింది" అన్నాడు చెవులపిల్లి తల పట్టుకుని. "తగ్గించుకోరా నాయనా, తగ్గించుకోరా అని ఎన్నిసార్లు మొత్తుకున్నాను! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. చెవిలో ఉండాల్సిన పాట చెవి పక్కనుంచి కారి డ్రమ్స్ మైకుల్లో పడింది. మిగతా పాటల్లో నీ బాదుడుకి మైకులు తగ్గించి పెట్టాను, వాటిలో పడలేదు. దీంట్లో నువ్వు మెల్లగా వాయిస్తావని పెంచాను, పడింది. ఇది పోవాలంటే నీ వాయింపే పోవాలి."

అందరూ దరువు వైపు చూశారు. అతను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఎందుకంటే అతనికి ఈ సంగతి ముందే తెలుసు. ఆమె వెళ్ళిపోయిన కొద్దిరోజులకే తెలిసింది. అప్పటినుంచీ వాయింపు సరిచూసుకోవాలని సాకు చెప్పి, అందరికంటే ముందొచ్చి, మిగతావన్నీ మూసేసి, ఆ పాట పెట్టుకుని వినేవాడు. ఇంట్లో ఆమె దువ్వెన లేదు, చెప్పులు లేవు, బాత్రూములోంచి కూనిరాగం లేదు. అతనికి ఆమె కావాలనిపించేది. గొంతొకటే కాదు, మనిషే కావాలనిపించేది. కానీ దొరికింది ఇదొక్కటే. ఆల్బం బయటికొస్తే తాళం అడుగున ఆమె ఎప్పటికీ తనతోనే ఉంటుందనీ, ఎవరికీ తెలియదనీ, ఒక పిచ్చి ఆశ పెట్టుకున్నాడు.

"ఎవరికి వినపడుతుంది? వదిలెయ్యండి" అన్నాడు నేల చూస్తూ.

"అక్కకి మాటిచ్చాను బావా" అన్నాడు బావమరిది. అక్క విడిచి వెళ్ళినా అతనికి ఈయన బావే. ఇంకో పిలుపు నోటికి రాలేదు, ఎవరూ నేర్పలేదు.

సరే, మళ్ళీ వాయించమన్నారు. కొత్తమ్మాయి పాట చెవిలో పెట్టుకుని దరువు వాయించబోయాడు. ఆ పిల్లేమో అతని పాత వాయింపుని పట్టుకుని పాడింది. ఇతనేమో పాడేవాళ్ళ ఊపిరిని పట్టుకుని వాయించే రకం. నువ్వు ముందంటే నువ్వు ముందని ఇద్దరూ గుమ్మం దగ్గర ఆగిపోయినట్టు, పాట ఈడ్చుకుంటూ పోయింది. రోజంతా అదే వరస. చివరికి బావమరిది ఫోను పట్టుకుని మెట్ల మీదికి వెళ్ళి అక్కతో మాట్లాడి వచ్చాడు.

"బడికి సెలవున్న రోజు చూసుకుని వస్తానంది. ముందు ఆ కారిందేదో వినాలిట. తర్వాత గైడ్ పాడుతుందిట. తన మైకు మాత్రం రికార్డు చెయ్యకూడదుట."

ఆమె పొద్దున బస్సుకి వచ్చింది. జుట్టు కొంచెం కత్తిరించుకుంది. దరువు "బాగున్నావా" అన్నాడు, ఆమె "ఆ" అంది. సోఫాలో ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చున్నారు. చెవులపిల్లి డ్రమ్స్ ఒక్కటే పెట్టాడు.

తన గొంతు తనకే అంత దూరంగా వినపడుతుంటే ఆమె ముందు నవ్వింది. తర్వాత నవ్వు ఆపి వింది. పాట అయిపోయింది. దరువు ఎప్పుడూ అక్కడ ఆపేసేవాడు, ఆ తర్వాత ఏముందో అతనికీ తెలియదు. చెవులపిల్లి ఆపలేదు. తాళం మోత సన్నబడి సన్నబడి పోయాక, మైకుకి బాగా దగ్గరగా, దరువు గొంతు వినిపించింది. తనలో తను అనుకున్న మాట.

"అబ్బ... ఏం పాడిందిరా బాబూ."

ఆమె అతని వైపు తిరిగింది.

"ఆరోజు బయటికొచ్చి నిన్ను అడిగాను. నాకేం చెప్పావో గుర్తుందా?"

"రెండో చరణం..."

"ఆ. రెండో చరణం." ఆమె అద్దానికి అటు చెయ్యి చూపించింది. "మరి ఇది ఎవరికి చెప్పావు? తాళానికా?"

"నీకు చెప్పాననే అనుకున్నాను."

"నీలో నువ్వు అనుకుంటే నాకెలా వినపడుతుంది? నేనేమన్నా చెవులపిల్లినా?"

చెవులపిల్లి మీటల మీద లేని దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు. బావమరిది టీ తెస్తానని లేచాడు, కానీ టీ ఫ్లాస్కు అతని కాళ్ళ దగ్గరే ఉంది.

ఆమె లేచి పాటగదిలోకి వెళ్ళింది. దరువు డ్రమ్స్ ముందు కూర్చున్నాడు. చెవులపిల్లి వచ్చి హెడ్‌ఫోన్ల మీట చూపించి, దాని పక్కన పెన్సిలుతో చిన్న గీత గీశాడు. "గీత దాటితే మళ్ళీ కారుతుంది. మీట నీ చేతిలోనే ఉంది, నీ ఇష్టం" అని చెప్పి తలుపేసి వెళ్ళాడు.

పాట మొదలైంది. ఆమె గొంతు ఎంత సన్నగా వస్తోందంటే, పుల్ల కొంచెం గట్టిగా తగిలినా మునిగిపోతోంది. వినాలంటే అతను వాయింపు తగ్గించాలి. తగ్గించాడు. ఇంకా తగ్గించాడు. ఇన్నేళ్ళూ తన చప్పుడు తను చేసుకుంటూ, దాన్ని దాటి వినపడాలని చెవిలో ఆమె గొంతుని పెంచుకుంటూ పోయాడు. తను తగ్గితే సరిపోతుందని ఒక్కసారీ తట్టలేదు. ఇవాళ ఆమె ఊపిరి తీసుకోవడం కూడా వినపడింది. రెండో చరణంలో తొందర ఎందుకొచ్చిందో కూడా తెలిసింది. అక్కడి మాటలు ఆమెకి ఇష్టం, ఆగలేక ముందుకి వెళ్తుంది. ఆ పొరపాటు మీద అతనికి ఎంత ప్రేమ కలిగిందంటే, కళ్ళల్లో నీళ్ళొచ్చి ఎదురుగా ఉన్న తాళం అలుక్కుపోయింది.

గిటార్లు ఆగిపోయే చోటు వచ్చింది. ఎడమ చెయ్యి మీట దగ్గరికి వెళ్ళింది. కొంచెం తిప్పితే చాలు. ఆమె మళ్ళీ అతని తాళంలో పడుతుంది, ఇక ఎవరూ తీయలేరు. ఇంకోసారి వాయించమని అడిగే ఓపిక ఎవరికీ మిగల్లేదు. కావాలని ఎంత అనిపించిందో! కానీ ఆమె వద్దంది. అంతకుముందు ఆమె ఎన్ని చెప్పినా పెడచెవిన పెట్టాడు, ఈ ఒక్కటి పెట్టలేకపోయాడు. చెయ్యి వెనక్కి తీసుకుని పుల్ల పట్టుకున్నాడు.

చెవులపిల్లి డ్రమ్స్ ఒక్కటే పెట్టి మొదట్నుంచి చివరిదాకా విన్నాడు. "ఒక్క చుక్క లేదు. ఇంత బాగా నువ్వెప్పుడూ వాయించలేదు" అన్నాడు. బావమరిది వాటేసుకున్నాడు. దరువు మాత్రం ఆ చుక్క కోసం ఇంకా చెవి ఒగ్గి కూర్చున్నాడు.

ఆమె సంచీ తీసుకుని తమ్ముడితో కలిసి మెట్ల వైపు వెళ్ళింది. చెవులపిల్లి గొంతు తగ్గించాడు. "పాతదాన్ని తుడిచెయ్యాలి. కానీ నీకొక కాపీ వేసిస్తాను. మూడో కంటికి తెలియదు."

దరువు నోట సరే అన్న మాట వచ్చేసింది దాదాపు. "ఉండు, అడిగొస్తాను" అని కిందికి పరిగెత్తాడు.

ఆమె దుకాణం మెట్ల దగ్గర ఒక్కతే ఉంది. తమ్ముడు బస్సు వస్తోందేమో చూడ్డానికి రోడ్డు మీదికి వెళ్ళాడు.

"ఒకటి అడగనా?"

ఆమె ఆగిపోయింది. అతను తనకోసం ఆమెని ఏదైనా అడగడం ఇదే మొదలు.

"ఆ పాతది నేనుంచుకోనా? ఎవరికీ వినిపించను. ఇంట్లో... ఇంట్లో ఏమీ వినపడట్లేదు. నువ్వు లేకుండా నాకు బాగోలేదు."

"నాకు మాత్రం బాగుందా?" అంది. ఆ మాట అనేశాక మొహం పక్కకి తిప్పుకుంది. తల అడ్డంగా ఊపింది. "వద్దు. తుడిపించెయ్."

"ఎందుకు?"

"అదుంటే నన్నడగవు. చెవులకి తగిలించుకుని, నేను అక్కడే ఉన్నాననుకుని కూర్చుంటావు. నేను అక్కడ లేను కదా. వినాలనిపిస్తే ఫోన్ చేసి నన్నే అడుగు. పాడతానో తిడతానో అప్పుడు చూద్దాం."

"అడిగితే వస్తావా?"

"అడిగి చూడు" అంది. వెంటనే, "ఇవాళ కాదు" అంది.

అతను పైకి వెళ్ళి తుడిచెయ్యమన్నాడు. చెవులపిల్లి మొహంలోకి చూసి, నిజంగానా అని ఒకటికి రెండుసార్లు అడిగి, మీట నొక్కాడు. చప్పుడేమీ రాలేదు, అలాంటివాటికి చప్పుడు రాదు. దరువు కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. కింద ఆమె తమ్ముడి భుజం తట్టి బస్సెక్కింది, కదిలే బస్సులో రాడ్డు పట్టుకుని ఖాళీ సీటు వెతుక్కుంటోంది. ఇవాళ కాదని ఆమె చెప్పనే చెప్పింది. బస్సు ఇంకా మలుపైనా తిరగలేదు, అతనికి అప్పుడే అడగాలనిపించింది.