బలపాల భరిణె

నేను ఒక భరిణెను. అరచేతిలో ఇమిడే చెక్క భరిణెను. ఈ మాట చదవగానే మీ మనసులో కుంకుమ మెదిలిందా? మెదిలే ఉంటుంది. నా గొడవంతా అదే.

వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో పుట్టాను. అంకుడు కర్ర ముక్కను బిగించి గిరగిరా తిప్పుతూ, ఉలి ఆనించి నాకు పొట్ట తీశారు. తిరుగుతున్న ఒంటికి లక్క కడ్డీ తాకిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి పట్టుకుంది. ఒళ్లంతా పసుపు, నడుముకొక ఎర్ర గీత. మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెచ్చారు. నన్ను చేసినతను నాలో ఏం పోయాలో చెప్పలేదు. మూత బిగువుగా కుదిరిందో లేదో చూసుకున్నాడు, పక్కన పెట్టి ఇంకో ముక్క అందుకున్నాడు. అతని మీద నాకు కోపం లేదు. కోపమంతా తరవాత వచ్చిన వాళ్ల మీద.

బెల్లం వండే కన్నంనాయుడు పెళ్లయిన కొత్తలో తీర్థానికి వెళ్లి, పెళ్లాం వరహాలమ్మకు నన్ను కొని తెచ్చాడు. అప్పుడే నాలో కుంకుమ పోశారు. రోజూ పొద్దున్నే ఆవిడ వేలు నాలో మునిగేది. నేను కుంకుమ మోశాను, అంతే. దానికి అంత పెద్ద అర్థం ఉందని నాకు పదో రోజు దాకా తెలియదు.

కన్నంనాయుడు పోయిన పదో రోజున వరహాలమ్మను పీట మీద కూర్చోబెట్టారు. నాలోని కుంకుమే తీసి నుదుట రూపాయి బిళ్లంత పెట్టారు. గాజులు నిండుగా తొడిగారు. తరవాత ఆ గాజులు పగలగొట్టి, ఆ బొట్టు తుడిచేశారు. తుడవడానికే పెట్టడం! చచ్చిపోయింది కన్నంనాయుడు, శిక్ష వరహాలమ్మకు, పనిముట్టును నేను. తుడిచిన చెయ్యి ఆడపడుచు పైడమ్మది. చెయ్యి కడుక్కుని వచ్చి అంది:

“ఓలె వరాలూ, ఆ బరిణె ఇంకెందుకే నీకు? ఏట్లో పారీయి.”

“పారేత్తానొదినా” అంది వరహాలమ్మ. పారెయ్యలేదు. బియ్యం బానలో అడుగున దాచింది.

ఎన్నేళ్లున్నానో ఆ బియ్యంలో! బయటికి వచ్చేసరికి వరహాలమ్మ జుట్టు నెరిసింది. ఊళ్లో పెద్దవాళ్లకు చదువు చెప్పే బడి పెట్టారు. మధ్యాహ్నం పూట పంచాయతీ ఆఫీసు అరుగు మీద. ఆవిడ పలక పట్టుకుని వెళ్లేది. బలపం ముక్కలు కొంగున ముడేస్తే నలిగి పిండయ్యేవి, గూట్లో పెడితే ఎలుకలు దొర్లించుకుపోయేవి. ఒకనాడు బానలో చెయ్యి పెట్టి నన్ను తీసింది. కడిగింది, ఎండబెట్టింది, బలపాలు వేసి మూత పెట్టింది. నాకు మళ్లీ పని దొరికింది. లోపల గలగలమంటుంటే ఒళ్లు పులకరించింది.

పైడమ్మ చూసి నోరు నొక్కుకుంది. “ఓలమ్మా! కుంకం బరిణెలో బలపాలేటే? సిగ్గు నేదేటి?”

“కుంకం మీరు తీసీసినారు. బరిణె కాళీగుంది. ఏటి పెట్టుకోమంటావు, నీ నోరా?”

అక్షరాలు కూడబలుక్కుని మాటలు రాసింది. మాటలు పేర్చుకుని ఒక పద్యం లాంటిది రాసింది. నాలుగు వరుసలు, అంతే.

భరిణె కడిగి ఎండబెట్టాను
బలపం ముక్కలు వేసుకున్నాను
అడిగిన వాళ్లకి
మూత తీసి చూపిస్తాను

బడి వాళ్లు వేసే చిన్న పత్రికలో అది అచ్చయింది. అది చదివి పట్నంలోని కాలేజీ నుంచి పిలుపు వచ్చింది. కవితలో, కథలో అర్థం ఎక్కడుంటుందో తేల్చడానికి సదస్సట. డాక్టర్ శశిభూషణరావు గారు ఆవిడ కవిత మీదే మాట్లాడతారట. ఆవిడే వచ్చి చదవాలి, భరిణె కూడా తీసుకురావాలి.

వరహాలమ్మ ఇస్త్రీ చీర కట్టుకుంది. బస్సులో నన్ను ఒళ్లో పెట్టుకుని, మూత మీద బొటనవేలు ఉంచి కూర్చుంది. ఆవిడ కోరుకున్నది ఎక్కువేం కాదు. నిలబడి ఆ నాలుగు వరుసలూ తన నోటితో చదవాలి. ఎవరో ఒకరు ‘ఏదీ, చూపించండి’ అనాలి. అప్పుడు మూత తియ్యాలి.

కాలేజీ గుమ్మంలో హైమ అనే కుర్ర లెక్చరరు ఎదురొచ్చింది. “మీరేనా వరహాలమ్మ గారు! పిన్నిగారూ, భరిణె నాకివ్వండి, వేదిక మీద పెట్టిస్తాను. మీరు కాసిని మంచినీళ్లు తాగిరండి” అంది. వరహాలమ్మ నన్నిచ్చి కుళాయి దగ్గరికి వెళ్లింది.

ఇక్కడ జరిగింది చెబుతుంటే నాకు ఇప్పటికీ లక్క ఉడుకుతుంది. ఆ కాలేజీలో సభ అంటే గుమ్మంలో ఆడవాళ్లకు బొట్టు పెట్టి, పన్నీరు చల్లి లోపలికి పంపడం మర్యాద. కుంకుమ పొట్లం తెచ్చారు, వెండి భరిణె మరిచారు. హైమ చేతిలో నేనున్నాను. మూత తీసి, బలపాలను టీ కప్పుల చెత్తబుట్టలోకి వంచేసింది, పొట్లం విప్పి నాలో కుంకుమ పోసింది. భరిణె కదా మరి, కుంకుమ కాకపోతే ఇంకేం పోస్తారు!

వచ్చిన ఆడవాళ్లందరికీ నాలోంచి బొట్లు పెట్టింది. వరసలో వరహాలమ్మ వచ్చింది. హైమ వేలు కుంకుమలో మునిగి పైకి లేచి, ఆ ఖాళీ నుదురు చూసి గాలిలో ఆగిపోయింది. ఆ వేలు కొంగుకు తుడుచుకుంది.

“పటికబెల్లం తీసుకోండి పిన్నిగారూ.”

వరహాలమ్మ పటికబెల్లం పలుకు తీసుకుంది. నా వైపు ఒకసారి చూసింది. పదో రోజున పీట మీంచి చూసినట్టే చూసింది. లోపలికి నడిచింది.

నన్ను మూత పెట్టి వేదిక మీద తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద పెట్టారు. శశిభూషణరావు గారు మైకు అందుకున్నారు. మాట సూచకమట, దాని వెనక తోచే భావం సూచితమట. “బలపం తెలుపు. తెల్లచీర తెలుపు. ఎరుపు ఉండాల్సిన చోట కవయిత్రి తెలుపు పెట్టింది. ఇది లేనితనం. మూత అంటే మూసుకున్న నోరు. ఇదిగో, ఆ ఖాళీ భరిణె!” అని నా వైపు చెయ్యి చాపారు. నా నిండా కుంకుమ. అంతమందిలో ఒక్కరైనా మూత తీసి చూడలేదు. మూత తీస్తానని కవితలోనే ఉంది కదా, ఆ వరుస ఆయన కళ్లకు ఆనలేదు.

ఆయన మూర్ఖుడని అనను. మధ్యలో ఒక మంచి మాట అన్నారు. “అర్థం వస్తువులో ఉండదు. నలుగురూ ఒప్పుకుంటేనే పుడుతుంది. కుంకుమ ఉట్టి పొడి. దాన్ని భాగ్యమనీ, అది లేకపోవడాన్ని దౌర్భాగ్యమనీ మనమే అనుకున్నాం” అన్నారు. అది నిజం. పదో రోజు నుంచీ నాకు తెలిసిన నిజం. కానీ అయ్యా, ఆ ఒప్పుకోవడం గంట కిందట మీ గుమ్మంలోనే మళ్లీ ఒకసారి జరిగింది. మీరక్కడే నిలబడి, వచ్చిన వాళ్లకు నమస్కారాలు పెడుతున్నారు.

ఆఖర్న వరహాలమ్మను పిలిచారు. ఆవిడ వేదికెక్కి నన్ను చేతిలోకి తీసుకుంది. బరువు తేడా తెలిసినట్టుంది. మూత తీసింది.

“నా బలపాలేవి?”

“ఆహా!” అన్నారు శశిభూషణరావు గారు. అది కవితేననుకున్నారు.

“మిమ్మల్నే బాబూ. మీరు సెప్పిందంతా బాగుంది. నా బలపాలేవి?”

హైమ లేచి నిలబడింది. “పిన్నిగారూ, బుట్టలో వేశాను. అరిగిపోయిన ముక్కలే కదా అని...”

వరహాలమ్మ దిగి గుమ్మం బయటికి వెళ్లింది. చెత్తబుట్ట వంచి, టీ కప్పుల మధ్య చెయ్యి పెట్టి, ఒక్కొక్క ముక్కా ఏరుకుని కొంగులో వేసుకుంది. తిరిగి వచ్చి నన్ను బల్ల మీద బోర్లించింది. కుంకుమ తెల్లగుడ్డ మీద కుప్పగా పడింది. తడిసిన బలపాలు నాలో వేసింది.

“ఇప్పుడు సదువుతాను” అంది. నాలుగు వరుసలూ చదివింది. గొంతు నిండా కోపమే.

చప్పట్లు మోగిపోయాయి. “చూశారా! ఎరుపును పారబోసింది! కవితను వేదిక మీద కొనసాగించింది!” అని శశిభూషణరావు గారు లేచి నిలబడి మరీ కొట్టారు.

“పారబొయ్యడం కాదు బాబూ, నా డబ్బీ నాకు కావాల” అంటోంది వరహాలమ్మ. చప్పట్లలో ఎవరికీ వినపడలేదు. చూపించమని ఎవరూ అడగలేదు. మనిషిని తిట్టి నోరు మూయించవచ్చు, చప్పట్లు కొట్టి కూడా మూయించవచ్చు.

కుళాయి దగ్గర ఆవిడ బలపాలు కడుక్కుంటుంటే హైమ వచ్చింది. “తప్పుగా అనుకోకండి పిన్నిగారూ. గుమ్మంలో నా చెయ్యి ఆగిపోయింది. పెడితే మీరే బాధపడతారేమోనని...”

“సెయ్యాగితే ఆగింది. నోటికేటైందమ్మా?”

హైమ జారిపడ్డ బలపం ముక్క ఒకటి తీసి అందించింది.

“పెట్టమంటారా అని ఒక్క మాట. పెట్టమందునో, వద్దందునో. అది నా ఇష్టం గదా.”

“ఇప్పుడు అడగనా?”

“ఇప్పుడెక్కడుందీ! మీ బల్ల మీద పోసీసినాను, ఆ బాబు సదువుకుంటన్నాడు” అని బస్సుకు నడిచింది.

కొన్నాళ్లకు ఆ ప్రసంగం అచ్చయి ఇంటికి వచ్చింది. అట్ట మీద నా బొమ్మ, కింద ‘ఖాళీ భరిణె’ అని పేరు. వరహాలమ్మ గడప మీద కూర్చుని, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే చదివింది. చదువు వచ్చినందుకు ఇదొక లాభం, తన గురించి ఎవరేం అన్నారో ఇంకొకరు చదివి చెప్పక్కర్లేదు. పుస్తకం మూసేసి పలక తీసింది. ఎంత కడిగినా నా గోడల్లో కుంకుమ మిగిలే ఉంది, బలపాలు గులాబీ రంగుకు తిరిగాయి. ఒకటి తీసి, పలక పగిలేటట్టు నొక్కి రాయసాగింది.

అటుగా పైడమ్మ వచ్చింది. ఇప్పుడు ఆవిడ నుదురూ ఖాళీయే. మొన్న వేసవిలో మొగుడు పోతే వాళ్ల ఆడపడుచులు వచ్చి తుడిచారు. అరుగు మీద చతికిలబడి పలక వంక చూసింది.

“ఏటి రాత్తన్నావే?”

“ఈ బరిణెలో బలపాలున్నాయని.”

“ఏదీ, సూపియ్యి.”

వరహాలమ్మ చెయ్యి నా మూత మీద ఆగింది. నన్ను ఏట్లో పారెయ్యమన్న మనిషి! తన బొట్టు తుడిచిన చెయ్యి! వద్దు, తియ్యకు అని నేను లోపల కేకలు పెట్టాను. చెక్క కేకలు ఎవరికి వినపడతాయి?

కానీ అడిగింది. అంత చదువుకున్న వాళ్లున్న హాల్లో ఒక్కరూ అడగనిది, ఈవిడ అడిగింది. రాసిన మాట రాసిన మాటే. వరహాలమ్మ మూత తీసింది. వెతికి వెతికి అన్నిటికంటే పొడుగ్గా ఉన్న ముక్క తీసి ఒదినె చేతిలో కుక్కింది.

“పట్టుకో. ముందు నీ పేరు రాయి” అంది.

ఆ గొంతులో కోపం ఏమాత్రం తగ్గలేదు. నా కోపమూ తగ్గలేదు. మూత మాత్రం తీసే ఉంది.