వినే మనిషి

నరసన్నపేట ఉమాపతి ఇంట్లో తాతల నాటి నుంచీ ఒక పద్ధతి ఉంది. పాతపట్నం దాటి ఒరిస్సా వర్తకులు చింతపండు బేరానికి వచ్చినప్పుడు దుకాణంలో ఓ మూల ఒక మనిషిని కూర్చోబెట్టేవారు. ఆ మనిషికి ఒడియా శుభ్రంగా వచ్చు. కానీ ఒక్క ముక్క కూడా రానట్టు కూర్చుని గోనెసంచులు కుట్టుకోవాలి. వచ్చినవాళ్ళు తమలో తాము ధర ఎంతదాకా పోవచ్చని అనుకుంటున్నారో విని, సందు చూసుకుని యజమాని చెవిన వేయాలి. అతన్ని ఇంటిల్లిపాదీ వినే మనిషి అనేవారు. ఇది మోసమేమో అన్న అనుమానం ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు. అవతలివాళ్ళు కూడా తెలుగు రానట్టు నటించే వాణ్ణి ఒకణ్ణి వెంట తెచ్చుకునేవారు మరి.

ఉమాపతి హయాం వచ్చేసరికి చింతపండు పోయి రొయ్య వచ్చింది. హైవే పక్కన పెద్ద షెడ్డు వేసి, సముద్రపు ఒడ్డు ఊళ్ళ నుంచి ఆడవాళ్ళను వ్యాన్లో తెప్పించి రొయ్యలు వలిపిస్తున్నాడు. 2016 చలికాలంలో హాలెండు నుంచి సరుకు కొనేవాళ్ళు ఇద్దరు షెడ్డు చూడ్డానికి వస్తున్నారని తెలిసింది. ఆయన ముందు గదులు బుక్ చేయించలేదు, గోడలకు సున్నమూ కొట్టించలేదు. హాలెండు భాష వచ్చిన మనిషి జిల్లాలో ఎవరైనా ఉన్నారా అని ఆరా తీశాడు. ఉంది, ఒకే ఒక్కతి. ఆయన షెడ్డులోనే కిటికీ వరసలో రొయ్యలు వలిచే మరిడమ్మ కూతురు కుసుమకుమారి.

శ్రీకాకుళం పక్క యూనివర్సిటీలో ఎం.ఏ. ఎకనామిక్స్ చదివే పిల్లకు ఈ డచ్ భాష ఎక్కడ తగులుకుందని అందరూ అడిగేవారు. మూడేళ్ళ కిందట ఆన్నెకె అనే హాలెండు అమ్మాయి, చేపలమ్ముకునే ఆడవాళ్ళ మీద ఏదో రాసుకోవడానికి వాళ్ళ ఊరొచ్చి, తొమ్మిది నెలలు మరిడమ్మ ఇంట్లోనే ఉంది. అంబలి తాగింది, ఎండుచేపల కూర తింది, వెళ్ళేటప్పుడు రెండు పాఠ్యపుస్తకాలు వదిలి వెళ్ళింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఫోన్లో ఓ గంట పాఠం చెప్పేది. మొదటి పుస్తకం అయిపోయింది. రెండోది సగానికొచ్చింది. అంటే కుసుమ రొట్టె కొనగలదు, రైలు టికెట్ అడగగలదు, డాక్టరుకు తన జ్వరం గురించి చెప్పగలదు. నిజం చెప్పాలంటే ఆమెకు కావలసిన రొట్టె గానీ, రైలు గానీ, డాక్టరు గానీ ఆ దేశంలో లేరు. రేడియో వార్తలు వింటే సగం అర్థమయ్యేవి. ఆ భాషలో క్రియను రెండు ముక్కలు చేసి ఒక ముక్క వాక్యం చివర పారేస్తారు. మనిషి తలుపు తీశాడో వేశాడో చివరిమాట దాకా ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. ఆ ఊపిరి బిగబట్టడమే ఆమెకు ఇష్టం.

హాస్టల్లో తోటిపిల్లలు బ్యాంకు పరీక్షల పుస్తకాలు ముందేసుకుంటే ఈమె గొంతులోంచి గరగరమని శబ్దాలు తీసేది. అందరూ నవ్వేవారు. ఎందుకు నేర్చుకుంటున్నావంటే ఇంకాస్త గట్టిగా చదివేది. తన ఈడు వాళ్ళెవరి దగ్గరా లేనిది ఒకటి తన దగ్గరుందన్న గర్వం ఉంది. ఆ గర్వానికి ఏదో ఒక పని దొరికితే బాగుండునని లోలోపల కొట్టుకునేది.

ఇక మరిడమ్మ చేతుల సంగతి. మొగుడు రాముడు ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్ బోట్ల మీదే ఉంటాడు. ఈమె ఆరేళ్ళుగా ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్యల తలలు తుంచుతోంది. తల మీద ముల్లు గుచ్చుకుని గుచ్చుకుని, వేళ్ళ సందుల్లో చర్మం పాచిపోయి, పుళ్ళు పడ్డాయి. గ్లౌజులు ఇస్తారు గానీ, కిలోల లెక్కన కూలి కట్టే చోట గ్లౌజులు వేసుకుంటే చెయ్యి సాగదు. అన్నం కలుపుకుంటే మంట అని మరిడమ్మ రెండేళ్ళుగా చెంచాతో తింటోంది. సెలవులకొచ్చినప్పుడల్లా కుసుమ ఆ చెంచా చూసేది. తల్లిని ఆ నీళ్ళలోంచి లేపి పొడిచోట కూర్చోబెట్టాలన్నదొక్కటే ఆమె కోరిక.

ఆ సంగతి ఉమాపతికి ఎవరూ చెప్పనక్కర్లేదు, ఎవరికేం కావాలో పట్టుకోవడమే ఆయన వ్యాపారం. కుసుమను పిలిపించి, కుర్చీ వేయించి, సంగతంతా విడమరిచి చెప్పాడు. రెండు రోజులు నీలం ఏప్రన్ కట్టుకుని వచ్చినవాళ్ళకు బూట్లు, తువ్వాళ్ళు, కొబ్బరినీళ్ళు అందించాలి. ఆ భాష ముక్క రానట్టుండాలి. వాళ్ళు తమలో తాము అనుకున్నది సాయంత్రం ఆయనకు చెప్పాలి. ఆర్డరు వస్తే మరిడమ్మను తూకం బల్ల దగ్గర కూర్చోబెడతాడు. కుర్చీలో కూర్చుని కాటా చూసి రాసుకునే పని, నీళ్ళతో సంబంధం లేదు.

"మీ అమ్మ సేతులు నాను సూడలేదనుకున్నావేటమ్మా? సూసినాను. సమయం రావాల గదా" అన్నాడు.

కుసుమ ఆ రాత్రి రెండో పుస్తకంలో ధరలూ బేరాలూ ఉన్న పాఠం మళ్ళీ చదివింది. గూఢచారి పని చేస్తున్నానన్న ఆలోచన రాలేదా అంటే వచ్చింది. దాన్ని అవతలికి నెట్టేసి సరుకులకు సంబంధించిన మాటలు బట్టీ పట్టింది.

వచ్చినవాళ్ళలో ఒకాయన బాగా పొడుగు, ఒకావిడ జుట్టు నెరిసిన మనిషి. ఉమాపతితో ఇంగ్లీషు, తమలో తాము డచ్. వాళ్ళ నోట మొదటి వాక్యం పడగానే కుసుమ చివరిమాట కోసం ఆగింది. ఆన్నెకె కాకుండా వేరే మనుషుల నోటి నుంచి వచ్చిన ఆ భాష ఆమెకు అర్థమైంది. చేతిలోని తువ్వాలు జారి పడబోతే పట్టుకుంది. కిలోకి ఎంతదాకా పోవచ్చో పొడుగాయన చెప్పాడు, ఆమె గుర్తుపెట్టుకుంది. కిటికీ వరస దగ్గర నెరిసిన జుట్టావిడ ఆగింది. అక్కడ పన్నెండుమంది పాతకాపులు, ఈ షెడ్డు వేసిన నాటి నుంచీ ఉన్నవాళ్ళు. వాళ్ళలో మూడో మనిషి మరిడమ్మ.

తర్వాత ఆఫీసు గదిలో కొబ్బరినీళ్ళు తాగుతూ ఆవిడ చాలాసేపు మాట్లాడింది. ఆ ఆడవాళ్ళ చేతులు చూశావా, ఇలా కుదరదు అంది. సరిగ్గా అమిరే గ్లౌజులు ఇవ్వాలి, డాక్టరును పెట్టాలి, పుళ్ళున్నవాళ్ళకు మానేదాకా కూలి ఇస్తూ సెలవివ్వాలి, ఇది ఒప్పందం కాగితంలో రాద్దాం అంది. పొడుగాయన తలూపి, రేపు ఉమాపతితో మాట్లాడదామన్నాడు. కుసుమ ట్రే పట్టుకుని గోడ వారగా నిలబడి ఒక్కో వాక్యం చివరిమాట దాకా ఆగి, ఆగి, మొత్తం పట్టుకుంది. రెండు మాటలు తెలియకపోతే బాత్రూంలోకి వెళ్ళి ఫోన్లో నిఘంటువు చూసింది. తప్పు లేదు. తను విన్నది విన్నట్టే ఉంది. అక్కడే తలుపేసుకుని ఏడ్చింది, సంతోషంతో.

సాయంత్రం ఉమాపతికి ముందు ధర చెప్పింది. ఆయన మొహం విచ్చుకుంది. అక్కడితో ఆపి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ మూడేళ్ళలో మొదటిసారి ఆమె డచ్‌ను ఒకరు చెవులు రిక్కించి వింటున్నారు. పైగా చెప్పబోయేది మంచి మాట. గ్లౌజులు, డాక్టరు, కూలితో సెలవు అని ఉన్నదున్నట్టు, వరసగా, ఒక్క ముక్క వదలకుండా చెప్పింది.

"ఏ వరసమ్మా ఆవిడ సూసింది?" అని అడిగాడు ఉమాపతి.

"కిటికీ వరసండి. పన్నెండుమంది."

"బాగా విన్నావు" అని, కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

మర్నాడు తెల్లారుజామున ఐదింటికి ఊరి మలుపు దగ్గర వ్యాను ఆగింది. డ్రైవరు పక్క నుంచి మేస్త్రీ గంగులు దిగి, కిటికీ వరస వాళ్ళెవరూ ఎక్కొద్దని చెప్పాడు. పుళ్ళున్న చేతులు షెడ్డులో కనబడకూడదని షావుకారి మాట. వాళ్ళ బదులు పాతపట్నం వైపు నుంచి పన్నెండుమంది కుర్రపిల్లలు రాత్రే దిగారట. మరిడమ్మ అన్నం క్యారేజీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "నువ్వెక్కు పాపా, నిన్ను రమ్మన్నారు" అని గంగులు కుసుమతో అన్నాడు. తల్లి కూడా ఎక్కమన్నట్టు చెయ్యి ఊపింది.

షెడ్డుకు చేరగానే కుసుమ ఆఫీసు గదిలోకి దూసుకుపోయి, వాళ్ళు చెప్పింది ఇది కాదు కదా అని నిలదీసింది. ఉమాపతికి కోపం రాలేదు. చిన్నపిల్లకు లెక్క నేర్పుతున్నట్టు ఓపిగ్గా మాట్లాడాడు. అవతలివాడు ఒక లోటు పట్టుకుంటే వాడు నోరు తెరిచేలోగా ఆ లోటు లేకుండా చెయ్యాలి, వినే మనిషిని పెట్టుకునేది అందుకేనన్నాడు. పదిహేను రోజుల్లో చేతులు మానితే మళ్ళీ తీసుకుంటానన్నాడు.

"తూకం బల్ల మాట నాను మరిసిపోలేదు. ఇయాల నువ్వు నోరు జారితే మాత్రం అది నా సేతిలో ఉండదు" అన్నాడు.

పది గంటలకు ఆ ఇద్దరూ వచ్చారు. కిటికీ వరసలో పన్నెండు జతల కొత్త గ్లౌజులు, వాటి లోపల నున్నటి చేతులు. నెరిసిన జుట్టావిడ ఒక పిల్ల గ్లౌజు తీయించి చూసి పొడుగాయన వైపు తిరిగింది. చూశావా, పుళ్ళున్నవాళ్ళకు సెలవిచ్చినట్టున్నాడు, మనం అడక్కుండానే తనే సరిచేసుకున్నాడు, కాగితంలో రాయక్కర్లేదు అంది. అతను తన పుస్తకంలో ఒక గీత గీశాడు. కుసుమ వాళ్ళకు రెండడుగుల దూరంలో ఉంది. ఆ ఆడవాళ్ళకు నయం కాలేదు, వాళ్ళను కూలి లేకుండా ఇంటికి పంపేశారు, అందులో ఒకరు మా అమ్మ. మూడు వాక్యాలు మనసులో పేర్చుకుంది. క్రియలు ఎక్కడ పెట్టాలో కూడా చూసుకుంది. ఉమాపతి పక్కనే నిలబడి నవ్వుతూ ఉన్నాడు. పదిహేను రోజులే కదా, తూకం బల్ల కదా అనుకుంది. పిరికితనానికి ఎప్పుడూ ఏదో ఒక కారణం దొరుకుతుంది, ఆమెకూ దొరికింది. వాళ్ళకు తువ్వాళ్ళు అందించింది.

ఆర్డరు వచ్చింది. ధర ఉమాపతి కోరినట్టే కుదిరింది. సంక్రాంతి వెళ్ళాక తూకం బల్ల దగ్గర ఆయన బావమరిది కూతురు పింకీ కూర్చుంది.

మరిడమ్మ ఇంట్లో ఉంటూ, పసుపూ కొబ్బరినూనే రాసుకుంటూ వచ్చింది. ఐసు నీళ్ళు తగలని చేతులు నెల తిరక్కుండా మానాయి. ఒకరోజు చెంచా పక్కన పెట్టి చేత్తో కలుపుకుని తింది. ఆ మధ్యాహ్నమే మంచి చీర కట్టుకుని, రెండు బస్సులు మారి షెడ్డుకు వెళ్ళి, గేటు దగ్గర గంగులుకు రెండు చేతులూ బోర్లా వెల్లకిలా తిప్పి చూపించింది. అతను తల దించుకుని, జాగాలు నిండిపోయాయన్నాడు. మిగతా పదకొండుమందీ అలాగే వెళ్ళారు, అలాగే వచ్చారు.

ఆ శనివారం కుసుమ హాస్టల్ నుంచి ఇంటికొచ్చింది. పుళ్ళ సంగతి ఉమాపతికి చేరవేసింది తనేనని తల్లికి చెప్పేసింది. తిడుతుందనీ, కొడుతుందనీ అనుకుంది. మరిడమ్మ కూతురి ముందు కూర్చుని చేతులు చాపింది.

"పుళ్ళున్నాయని నువ్వు సెప్పగలిగినావు గదే. ఒలే, మానిపోనాయని కూడా సెప్పు. ఆ దొరసానికి రాయి. ఆవిడ సూస్తే కాదనదు."

వ్యానులో ఊళ్ళోకొచ్చిన కొత్త రొయ్యల పెట్టె అట్ట మీద ఆ హాలెండు కంపెనీ మెయిల్ ఉంది. కుసుమ రెండు రోజులు కూర్చుని డచ్‌లో ఉత్తరం రాసింది. తను ట్రే పట్టుకుని వాళ్ళ మాటలు విన్నానని దాచలేదు. పన్నెండుమంది పేర్లు రాసింది, వాళ్ళను ఎందుకు పంపేశారో రాసింది, చేతులు మానాయని రాసింది. తల్లి చేతుల ఫోటో జతచేసింది. ఒక్కో వాక్యం నాలుగుసార్లు దిద్దింది. ఆన్నెకెకు చూపించలేదు, ఇది తను ఒంటరిగా చేయవలసిన పని అనుకుంది.

తొమ్మిదో రోజున జవాబొచ్చింది. పెరట్లో చేపలు తోముతున్న మరిడమ్మ చేతులు కడుక్కోకుండానే వచ్చి పక్కన కూర్చుని, చదవమంది. నాలుగు వాక్యాలే ఉన్నాయి. మీ ఉత్తరానికి ధన్యవాదాలు. మీ డచ్ చాలా బాగుంది, ఒక్క తప్పు కూడా లేదు, ఎక్కడ నేర్చుకున్నారు? పనివాళ్ళ నియామకం పూర్తిగా సరఫరాదారు చూసుకునే విషయం, అందులో మేము కల్పించుకోము. ఇకపై మా సంభాషణలు అనుమతి లేకుండా వినవద్దని మనవి.

"ఏటన్నాదే?" అంది మరిడమ్మ.

కుసుమ మొదటి వాక్యం చెప్పింది, మూడోది చెప్పింది, నాలుగోదీ చెప్పింది. రెండోది మాత్రం తల్లికి చెప్పలేకపోయింది.