సున్నాలో బొట్టు

మా ఆయన కాంతయ్యకు కారంటే ప్రాణం, ఇంజనంటే మంట. మలయా దేశంలో మా ఊరు సుంగై సిపుట్ బజారులో ఆయన ఆస్టిన్ టాక్సీ ఎక్కనివాళ్లు తక్కువ. ఎక్కిన ప్రతివాడికీ, ఇక్కడి అలవాటుగా చివర ఒక 'లా' తగిలించి, ఆయన చెప్పే మాట ఒకటే: "కారు నాదే, ఇంజను నాది కాదులా." మరి ఎవరిదని అడిగితే మా అన్న కథ మొదలయ్యేది.

జపానువాళ్లు వచ్చినప్పుడు కనబడిన కారునల్లా లాక్కుపోయేవారు. మా ఆయన ముందే ఇంజను ఊడదీశాడు. ఒకవేళ దొరికినా ఎవరిదో తెలియకూడదని దానిమీద కొట్టిన నంబరును ఆకురాయితో శుభ్రంగా అరగదీశాడు. తీసుకెళ్లి మా అన్న పైడయ్య ఉండే రబ్బరు తోటలో అప్పజెప్పాడు. అన్న దాన్ని గోనెలు చుట్టి, రబ్బరు షీట్లు ఆరబెట్టే పొగగది వెనకాల పాతిపెట్టాడు. జపానువాళ్లు ఇంజను లేని కారును చూసి, రెండు తిట్లు తిట్టి వదిలేశారు.

యుద్ధం అయ్యాక అన్న ఇంజను తవ్వి తెచ్చి ఇచ్చాడు. బిగించి తోలితే దగ్గింది. అన్నేళ్లు తడి మట్టిలో ఉంటే మనిషైనా దగ్గుతాడు. కానీ అదే తోటలో తెల్లదొర చెడిపోయిందని వదిలేసి పారిపోయిన కారు కూడా ఇదే రకం ఆస్టిన్. ఇంకేం, అన్న దొరగారి డొక్కు ఇంజను తనకు అంటగట్టి తన మంచి ఇంజను అమ్ముకున్నాడని మా ఆయన తేల్చేశాడు. బజారులో నిలబడి దొంగన్నాడు. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు పెద్దలు.

అన్న కూడా తక్కువవాడేం కాదు. ఆ మాట వెనక్కి తీసుకున్నాక ఇద్దరూ కలిసి రండి, అంతవరకూ నా గడప తొక్కొద్దని కబురంపాడు. అడకత్తెరలో పోకచెక్కను నేను. నా పుట్టిల్లు అరగంట దారి. పన్నెండేళ్లు అటు వెళ్లలేదు. మగవాళ్ల రోషాలకు ఒక ఇనప దిమ్మ చాలు, ఆడవాళ్ల పుట్టిళ్లు పోవడానికి.

మా ఆయన రోషం ఎంతదాకా పోయిందంటే, ఆయుధపూజ రోజున కారు చక్రాలకు నిమ్మకాయలు పెట్టనిచ్చేవాడు, అద్దానికి బొట్టు పెట్టనిచ్చేవాడు, బానెట్టు మాత్రం ఎత్తనిచ్చేవాడు కాదు. "పరాయి ఇంజనుకి బొట్టేటి" అనేవాడు. దానికి నీళ్లస్నానం కూడా లేదు. రిపేరు వస్తే ఆ భాగం వరకే తుడిచి మూసేసేవాడు.

మెర్డేకా, అదే మలయాకు స్వతంత్రం వచ్చిన ఏడాది, ఊరంతా కొత్త జెండాలు కట్టుకుంటున్న రోజుల్లో, అన్న కూతురు పాపాయికి ఇక్కడి తమిళుల లెక్కన ఆవణి నెలలో పెళ్లని తెలిసింది. మా ఇళ్లలో పెళ్లి పసుపు దంచేటప్పుడు మొదటి రోకలి మేనత్త పట్టాలి. పాపాయికి ఉన్న ఒక్క మేనత్తనూ నేనే. నేను లేకపోతే ఆ రోకలి ఏ పక్కింటావిడో పడుతుంది.

"ఎల్దాం మావా" అన్నాను.

"దొంగింటికి నేను రాను."

"దొంగని ఏటి రుజువు?"

"దొంగ కాదని నీకేటి రుజువు?"

ఆ మాటకు నాకు ఒళ్లు మండి, మర్నాడు పొద్దున్నే మెకానిక్ లెచ్చుమనన్ దగ్గరికి వెళ్లి అడిగాను. అరగదీసిన నంబరును మళ్లీ చదవొచ్చా అని.

"అది పోయింది అక్కా. అది తర్వాత కొట్టిన నంబరు. ఇనుం పోత పోసినప్పుడే అచ్చులో వచ్చే నంబరు ఇంకోటుందిలా. ఉబ్బెత్తుగా ఉంటాది. దాన్నిబట్టి ఏ ఏడు బండిదో చెప్తాను. మీ ఆయన్ని కారు తెమ్మను."

మా ఆయన వెంటనే తెచ్చాడు. బావ బండారం బయటపడుతుందని ఆయన హుషారు. బానెట్టు ఎత్తితే నంబరేదీ, పక్కంతా పన్నెండేళ్ల జిడ్డు. లెచ్చుమనన్ గుడ్డ తీసుకున్నాడు. నేను లాక్కుని, కిరసనాయిలు, కొబ్బరి పీచు తెమ్మని, అంట్లు తోమినట్టు తోమాను. అంకెలు ఒక్కొక్కటే పైకి వచ్చాయి.

లెచ్చుమనన్ వంగి చూసి, మా ఆయనతో "ముప్పై ఎనిమిదో ఏడు పోత. నీ బండికి వచ్చే ఇంజనే అన్నే" అన్నాడు.

"దొర బండి ఏ ఏడుది?" అని మా ఆయన తాపీగా అడిగాడు.

లెచ్చుమనన్ మెడ గోక్కున్నాడు. "అదీ ముప్పై ఎనిమిదే. ఒక అచ్చులో పోసినవాటికన్నిటికీ ఈ నంబరు ఒకటేలా."

ఒక పాత్రలో ఇడ్లీలన్నమాట. ఏది ఎవరిదో ఎలా చెప్పడం? మా ఆయన మీసం సవరించుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది, ఏడుపును మించి కోపమొచ్చింది. ఏమీ తోచక అవే అంకెలను మళ్లీ బరబరా తోమాను. చివరనున్న సున్నా లోపలి జిడ్డు ఊడి, అడుగున ఎర్రగా కనబడింది.

నా చెయ్యి ఆగిపోయింది.

యుద్ధానికి ముందు, పెళ్లైన కొత్తలో మొదటి ఆయుధపూజకు ఇంజనుకు కుంకుమ పెడితే వేడికి మర్నాటికే మాడిపోయింది. పట్టుదలకొద్దీ గేటుకు వేసే ఎర్ర రంగు తెచ్చాను. గుండ్రంగా బొట్టు పెట్టడం నాకు జన్మలో రాలేదు గనక, గుండ్రంగా సిద్ధంగా ఉన్న సున్నాను చూసి అందులో నింపాను. అదీ పొంగి కిందికి కారి తోక మిగిలింది. ఆ తోక కూడా అక్కడే ఉంది.

"మావా, ఇదేటి?"

ఆయన వంగి చూశాడు. "రంగు."

"ఎవరు పెట్టినారు?"

"దొరసాని పెట్టిందేమోలా" అని లెచ్చుమనన్ నవ్వాడు. మా ఆయన నవ్వలేదు.

"నువ్వు పెట్టి ఉంటావు" అన్నాడు.

"ఎప్పుడు పెట్టినాను? యుద్ధం అయిన కాణ్ణించి ఒక్కసారైనా పెట్టనిచ్చినావా?"

ఆయన పంతమే మా అన్న తరఫున సాక్ష్యం చెప్పింది. ఇంటికి వచ్చేదాకా ఇంజనే దగ్గుతూ వచ్చింది.

మెర్డేకా మర్నాడు బయల్దేరాం. స్వతంత్రం వచ్చినా మా వైపు అడవిలో కమ్యూనిస్టుల పోరు ఆగలేదు, దారిలో తనిఖీలూ ఆగలేదు. అడవిలోవాళ్లకు బియ్యం చేరవేస్తున్నామేమోనని పోలీసు నా పసుపు మూట విప్పి వాసన చూశాడు. బానెట్టు ఎత్తమన్నాడు. నేను పొద్దున పెట్టిన కొత్త కుంకుమ చూసి, కారు ఎవరిదని మలాయి భాషలో అడిగాడు.

"నాదే," అన్నాడు మా ఆయన. కాస్త ఆగి, "ఇంజను కూడా" అన్నాడు. ఆ పోలీసుకు ఆ మాట విలువ ఏం తెలుసు. నేను మాత్రం కిటికీలోంచి రబ్బరు చెట్లను చూస్తూ కళ్లు తుడుచుకున్నాను.

అన్న మెట్లమీద నిలబడి ఉన్నాడు. రమ్మనలేదు. మా ఆయన దిగి, బానెట్టు ఎత్తి, పక్కకు తప్పుకున్నాడు. అన్న వచ్చి సున్నాలోని పాత ఎరుపును చూశాడు. వేలితో ఆ తోకను తడిమాడు.

"మా సెల్లి బొట్టే. దీని సేతికి గుండ్రం ఎప్పుడొచ్చింది గనక."

"నిన్ను దొంగన్నాను బావా. తప్పు నాదే."

అన్న బానెట్టు దించాడు. "బానెట్టు ఎత్తి సూడ్డానికి పన్నెండేళ్లు పట్టిందేటి బావా."

అన్న మా ఆయన భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకెళ్లాడు.

పెరట్లో రోలు సిద్ధంగా ఉంది. నేను చివరిసారి చూసినప్పుడు నా నడుందాకా లేని పాపాయి, ఇప్పుడు నా కళ్లలోకి సూటిగా చూస్తూ రోకలి అందించింది. "నువ్వొస్తావని ఎవరినీ ముట్టనీలేదత్తా" అంది.

రోకలి ఎత్తాను. పన్నెండేళ్ల కోపం చేతుల్లోనే ఉంది గనక, మొదటి పోటుకే పసుపు కొమ్ములు పిండయ్యాయి.